పాత జపాన్ పొట్టి కత్తి చేతికొస్తే: వాకిజాషిని విప్పడం, తుడవడం, దాచడం

జపాన్ పాత కత్తి చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని దాన్ని మెరిపించడం. పిడిలోపలి తుప్పును గరుకు కాగితంతో గీకేస్తారు. నల్లగా ఉన్న అలంకారాలను చింతపండుతోనో మెరుగు పొడితోనో తోమేస్తారు. రెండు మూడు వందల ఏళ్లు నిలిచిన ఆధారం ఆ ఒక్క పూటలో పోతుంది. ఆ తుప్పే కత్తి వయసు చెబుతుంది. ఆ నలుపు మురికి కాదు, కంసాలి కావాలని తెప్పించిన రంగు. కాబట్టి ముందు ఒక మాట పెట్టుకోండి: మీరు చేయబోయేది శుభ్రం చేయడం కన్నా చూడడం, ఆపైన కొద్దిగా తుడవడం, అంతే.

ఇక్కడ తీసుకున్నది ఎడో కాలపు (1603–1868) వాకిజాషి. అలుగు (కత్తిలో పదునుండే ఉక్కు భాగం) పొడవు 1 షాకు నుంచి 2 షాకుల లోపు, అంటే 30.3 నుంచి 60.6 సెంటీమీటర్ల మధ్య ఉంటే వాకిజాషి అంటారు. అంతకన్నా పొట్టిది తాంతో, పొడుగుది కతన. సమురాయ్ కతనతో పాటు నడుముకు దోపుకునే జోడు కత్తి ఇది. వ్యాపారులకు, మామూలు పట్నవాసులకు కతన పెట్టుకునే హక్కు లేకపోయినా ప్రయాణాల్లో వాకిజాషి పెట్టుకునే వీలుండేది. ఇవాళ కొనేవాళ్లకు ఇవి ఎక్కువగా కనబడడానికి అదొక కారణం. డబ్బున్న వర్తకులు అలుగు కన్నా పైభాగాల మీదే ఎక్కువ ఖర్చుపెట్టారు కాబట్టి వాకిజాషి అలంకారాల్లో చాలా గొప్ప పని దొరుకుతుంది. పిడి, ఒర, వాటి మీది లోహపు పని అంతటినీ కలిపి కొషిరాయె అంటారు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మెత్తటి దళసరి బట్ట పరిచిన బల్ల. మెకుగినుకి అనే చిన్న ఇత్తడి సుత్తి; అది లేకపోతే మేకు కన్నా సన్నటి ఇత్తడి లేదా గట్టి కర్ర పుల్ల, చిన్న చెక్క సుత్తి. రంగూ వాసనా లేని మెత్తటి టిష్యూ కాగితం, ఉతికి ఆరబెట్టిన మైక్రోఫైబర్ గుడ్డలు రెండు. నీళ్లు దాదాపు లేని ఆల్కహాల్, అంటే 99 శాతం ఐసోప్రొపైల్. మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్ వద్దు, శానిటైజర్ అసలే వద్దు. వాటిలోని నీరు ఉక్కు మీద నిలుస్తుంది. చోజి నూనె చిన్న సీసా. చోజి అంటే లవంగం. పేరు అదే అయినా ఇప్పుడు అమ్మేది ఎక్కువగా శుద్ధి చేసిన ఖనిజ నూనెలో కాస్త లవంగ నూనె కలిపినది. అది దొరక్కపోతే కుట్టుమిషన్‌కు వేసే పలచటి తెల్ల నూనె చాలు. కొబ్బరినూనె, నువ్వులనూనె ముట్టుకోవద్దు. అవి కొన్నాళ్లకు కనరెక్కి జిగటగా మారి ఉక్కును పాడుచేస్తాయి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, ఫోన్ కెమెరా కూడా దగ్గర పెట్టుకోండి. చేతి ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి. పిల్లలు ఆ గదిలోకి రాకుండా చూసుకోండి. వందేళ్లుగా సాన పట్టకపోయినా ఈ అలుగు వేలిని తేలిగ్గా కోసేస్తుంది.

ఒర నుంచి తీయకముందే

కొషిరాయె ఉన్నది ఉన్నట్టుగా అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. సాగెవొ అనే ఒర తాడు ఎలా ముడి వేసి ఉందో దగ్గరగా తీయండి. ఒకసారి విప్పితే ఆ ముడి గుర్తుండదు.

ఇప్పుడు ఒర పక్కలు చూడండి. వాకిజాషి ఒరకు తరచుగా రెండు సన్నటి అరలుంటాయి. పెట్టుకున్నప్పుడు ఒంటివైపు వచ్చే అరలో కొజుక, అంటే చిన్న చాకు పిడి. బయటివైపు అరలో కోగై, అంటే జుట్టు సర్దుకునే సన్నటి పుల్ల. వాటిని ముందే నెమ్మదిగా బయటికి తీసి పక్కన పెట్టండి. అవి త్సుబ (పిడికీ అలుగుకీ మధ్య ఉండే కాపుబిళ్ళ) రంధ్రాల్లోంచి పైకి వస్తాయి. వాటిని అలాగే ఉంచి కత్తి లాగితే బిళ్ళ అంచు వాటి మెడను గీస్తుంది. పాత కొజుకల మెడ దగ్గర అడ్డంగా కనిపించే గీతలకు చాలాసార్లు కారణం ఇదే. కొజుక లోపల బోలు, రేకు పలచన. వేళ్లతో నొక్కితే సొట్ట పడుతుంది, అంచులు పట్టుకోండి.

తర్వాత మెకుగి చూడండి. పిడికి అడ్డంగా దిగిన చిన్న వెదురు మేకు ఇది. కత్తిని పిడిలో పట్టి ఉంచేది ఇదొక్కటే. అది లేకపోయినా, విరిగి ఉన్నా, వేలితో నొక్కితే కదులుతున్నా కత్తి లాగొద్దు. పిడి మాత్రమే చేతికొచ్చి అలుగు కింద పడే ప్రమాదం ఉంది.

ఒర నుంచి తీయడం

కత్తిని ముందు అడ్డంగా పట్టుకోండి, పదును పైకి, వీపు కిందికి. ఎడమ చేత్తో ఒర నోటి (కొయిగుచి) దగ్గర కింది నుంచి పట్టండి. వేళ్లు ఒర పైఅంచును, అంటే పదును ఉన్న వైపును చుట్టకూడదు. పాత ఒరలు ఆ అంచునే అతుకు వదులుతాయి, లోపలి అలుగు అందులోంచి అరచేతిని కోస్తుంది. ఎడమ బొటనవేలితో త్సుబను పక్క నుంచి ముందుకు నెట్టండి; బొటనవేలు పదునుకు సరిగ్గా పైన ఉండకూడదు. ‘టక్’మని పట్టు వదులుతుంది. ఆ పట్టు హబాకి అనే లోహపు తొడుగుది. అలుగు మొదట్లో ఉండి, ఒర నోట్లో బిగుసుకుని, అలుగును ఒర గోడలకు తగలకుండా తేల్చి ఉంచేది అదే.

ఇక వీపు ఒర అడుగున జారుతుండగా ఒకే వేగంతో చివరిదాకా లాగండి. సగంలో ఆపి పక్కకు తిప్పితే గీతలు పడతాయి.

కదలకపోతే బలం పెట్టొద్దు, మెలితిప్పొద్దు. తేమకు ఒర చెక్క ఉబ్బి ఉంటుంది, లేదా లోపల తుప్పు పట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉన్న గదిలో వారం పదిరోజులు ఉంచి మళ్లీ ప్రయత్నించండి. నూనె పోసి వదులు చేయాలనుకోవడం చాలా చెడ్డ ఆలోచన. ఆ నూనె చెక్కలో ఇంకి మురికిని పట్టి ఉంచుతుంది, తర్వాత కత్తి పెట్టిన ప్రతిసారీ ఆ మురికి అలుగును రాస్తుంది.

పిడి విప్పడం

మెకుగికి ఒక కొన లావు, ఒక కొన సన్నం. సన్నటి కొన వైపు నుంచి ఇత్తడి పుల్ల ఆనించి రెండు మూడు చిన్న దెబ్బలు వేస్తే మేకు జరుగుతుంది. ఏది సన్నమో భూతద్దంతో చూసుకున్నాకే మొదలుపెట్టండి. లావు వైపు నుంచి కొడితే ఇంకా బిగుస్తుంది.

పిడి చివర ఎడమ చేత్తో గట్టిగా పట్టి, అలుగు నిటారుగా, కాస్త వాలుగా, పదును మీకు అవతలి వైపు ఉండేలా నిలపండి. కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద తేలిగ్గా గుద్దండి. ఆ అదురుకు అలుగు పిడిలోంచి వదులవుతుంది. పొట్టి కత్తికి ఇక్కడ ప్రత్యేక జాగ్రత్త కావాలి. కతనకు పిడిలోపలి భాగం పొడుగు కాబట్టి మెల్లగా జరుగుతుంది. వాకిజాషికి, తాంతోకు అది పొట్టి. గట్టిగా గుద్దితే ఒక్క దెబ్బకే అలుగు పిడిలోంచి ఎగిరి పడుతుంది. మెల్లగా గుద్దండి, ప్రతి దెబ్బకూ చూడండి. కాస్త కదలగానే ఆపి, గుడ్డతో వీపు వైపు నుంచి హబాకిని పట్టుకుని పైకి తీయండి.

రాకపోతే అలుగును లోపలికి తీసుకునే గాడి ఉన్న గట్టి చెక్క ముక్క కావాలి. దాన్ని త్సుబ దగ్గరి బిళ్ళలకు బట్ట అడ్డుపెట్టి ఆనించి, చెక్క సుత్తితో రెండు వైపులా మార్చి మార్చి చిన్నగా తట్టాలి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. విప్పని పిడి వల్ల నష్టం లేదు, విరిగిన పిడి వల్ల ఉంది.

పిడి వచ్చాక వరసగా ఒక సెప్ప (పలచటి బిళ్ళ), త్సుబ, రెండో సెప్ప, చివర హబాకి వస్తాయి. ప్రతి ముక్క తీయగానే ఏ ముఖం ఎటు ఉందో ఫోటో తీసి, బల్ల మీద అదే వరసలో పెట్టండి. రెండు సెప్పలూ ఒకేలా అనిపిస్తాయి కానీ తారుమారైతే పిడి గలగలలాడుతుంది. హబాకి రాకపోతే వీపు వైపు నుంచి చెక్కతో చిన్నగా తట్టండి. శ్రావణంతో పట్టి లాగితే రాగి మీద పళ్ల గుర్తులు శాశ్వతంగా ఉండిపోతాయి.

నాకగో: ముట్టుకోకుండా చదవాల్సిన భాగం

పిడిలో దాగి ఉండే అలుగు తోకను నాకగో అంటారు. కమ్మరి దీన్ని మెరుగు పెట్టకుండా, ఆకురాయి గీతలతో వదిలేసి, చాలాసార్లు తన పేరు చెక్కుతాడు. శతాబ్దాల తుప్పు దీని మీద నున్నటి, దట్టమైన ముదురు గోధుమ నలుపుగా స్థిరపడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు కత్తి వయసు అంచనా వేయడానికి ముందు చూసేది ఈ రంగునే. దీన్ని గీకితే పేరు స్పష్టంగా కనిపిస్తుందేమో గానీ, ఆ పేరు నిజమైనదా కాదా చెప్పగల సాక్ష్యం పోతుంది. పేరు గీతల లోపలి తుప్పు చుట్టూ ఉన్న తుప్పుతో ఒకే రంగులో కలిసి ఉండాలి. గీతలు లోపల తాజాగా ఎర్రగా ఉండి చుట్టూ నల్లగా ఉంటే, తర్వాతెవరో చెక్కిన పేరై ఉండవచ్చు. దొంగ పేర్లు చాలా మామూలు. 17వ శతాబ్దపు నగసోనె కోతెత్సు లాంటి పెద్ద పేరు కనబడితే సంతోషం కన్నా అనుమానం ముందుండాలి. పేరు లేకపోవడం మాత్రం లోపం కాదు. మంచి అలుగులు పేరు లేకుండా చాలా ఉన్నాయి.

ఇక్కడ రాసుకోవాల్సినవి: అలుగు పొడవు (మొన నుంచి వీపు వైపు గంటు దాకా, వంపు వెంట కాకుండా తిన్నగా), నాకగో పొడవు, మేకు రంధ్రాలెన్ని, ఆకురాయి గీతలు అడ్డంగా ఉన్నాయా ఏటవాలుగానా. రెండు మూడు రంధ్రాలుంటే కత్తి ఎప్పుడో పిడి మార్చుకుంది, లేదా పొట్టి చేయించుకుంది.

నాకగోకు చేయాల్సిన పని ఒకటే: పొడి గుడ్డతో దుమ్ము తుడవడం. పొడిపొడిగా రాలే నారింజరంగు తుప్పు ఉంటే, నూనె తగిలిందా లేదా అన్నంత నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. ఎక్కువైతే అది పిడి చెక్కలో ఇంకుతుంది.

అలుగు చూడడం

ట్యూబ్‌లైట్ కింద ఏమీ కనబడదు. ఒకే ఒక్క బల్బు, కవరు లేనిది, కంటి ఎత్తుకు కాస్త పైన ఉండాలి. నాకగోను చేత్తో పట్టి, అలుగు మధ్యభాగం కింద మడిచిన మెత్తటి గుడ్డ ఆనించి, మొనను బల్బు వైపు చూపుతూ ఎత్తీ దించీ చూడండి. ఒక కోణంలో పదును వెంట తెల్లటి మబ్బుగీత వెలుగుతుంది. అదే హామోన్. కమ్మరి పదును వైపు మట్టిని పలచగా, వీపు వైపు దళసరిగా పూసి, కాల్చి నీట ముంచినప్పుడు రెండు వైపులూ వేరువేరు వేగంతో చల్లారి ఏర్పడిన హద్దు. అసలైన హామోన్ అంచున చిన్న చిన్న మెరుపు గింజలు, పొగలాంటి మార్పులు ఉంటాయి. ఆసిడ్‌తో వేసిన నకిలీ గీత ఎక్కడ చూసినా ఒకేలా తెల్లగా, పెయింట్ వేసినట్టు ఉంటుంది.

హామోన్ మొనలోకి తిరిగి వీపు వైపు వెళ్లాలి. మొన విరిగి మళ్లీ రుద్ది చేసిన కత్తుల్లో ఆ తిరుగుడు ఉండదు. పదునుకు నిలువుగా, వెంట్రుకంత నల్లటి గీత హామోన్‌ను కోస్తూ కనబడితే అది హగిరె, ఉక్కు పగులు. దానికి మరమ్మతు లేదు. కొనేముందు కత్తి మొత్తం ఈ ఒక్క దానికోసమైనా చూడాలి.

చూస్తున్నప్పుడు మాట్లాడొద్దు. ఉమ్మి తుంపర ఒక్కటి పడినా కొన్ని రోజుల్లో చుక్కంత తుప్పు తేలుతుంది. జపాన్‌లో కొందరు పెదాల మధ్య కాగితం పెట్టుకునేది దీనికే.

అలుగు తుడవడం

టిష్యూను నాలుగు మడతలు పెట్టి, ఆల్కహాల్‌తో తడిపి, అలుగును వీపు వైపు నుంచి కప్పి పట్టండి. బొటనవేలు ఒక వైపు, చూపుడువేలు ఒక వైపు, పదును బయటికి. హబాకి ఉండే చోటి నుంచి మొన వైపు ఒకే దిశలో తుడవండి. వెనక్కి రావొద్దు. పాత నూనె జిగట పోయేదాకా ప్రతిసారీ కొత్త టిష్యూతో మూడు నాలుగు సార్లు. ఆల్కహాల్ ఒర పూతకు, పిడి పట్టుతాడుకు తగలకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఎర్ర పట్టు ఉండలో తెల్ల పొడి ఉండే ఉచికొ సినిమాల్లో చూసి ఉంటారు. అది మెత్తటి సానరాతి పొడి, పాత నూనెను పీల్చుకుంటుంది. అయినా రాయి రాయే; ఏళ్ల తరబడి రుద్దితే సానవాడు తెప్పించిన లోతైన నిగారింపు తగ్గి, అలుగు అద్దంలా పలచటి మెరుపుకు వస్తుంది. తక్కువ రకం పొడి అయితే మొదటిసారే గీతలు పడతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆల్కహాల్ చాలు, ఉచికొ జోలికి వెళ్లొద్దు.

నూనె: శుభ్రమైన గుడ్డ ముక్క మీద రెండు మూడు చుక్కలు. వాకిజాషి అలుగు మొత్తానికి అంతే. పూసిన తర్వాత వెలుతురులో పొరలాగ కనబడాలి, చుక్కలుగా నిలవకూడదు. నూనె ఎక్కువైతే ఒరలోకి కారి దుమ్మును పేస్టుగా చేస్తుంది.

ఎర్ర తుప్పు మచ్చలుంటే నూనె పూసి ఒకటి రెండు రోజులు ఉంచి మెత్తటి గుడ్డతో తుడవండి, పోయినంతే. పోకపోతే అది తొగిషి పని. తొగిషి అంటే జపాన్ కత్తులకే ఏళ్ల తరబడి శిక్షణ పొందిన సానవాడు. అతను ఒకదాని తర్వాత ఒకటిగా మెత్తబడుతూ పోయే రాళ్లతో పని చేస్తాడు. ప్రతి సానకూ కొంత ఉక్కు శాశ్వతంగా తగ్గుతుంది. కత్తులు నూరే చక్రానికి గానీ, గరుకు కాగితానికి గానీ ఈ అలుగును ఇవ్వకండి. ఒక్కసారి చక్రం తగిలితే గీతల అంచులు గుండ్రమైపోతాయి, మొన ఆకారం మారిపోతుంది.

అలంకారాలు: నల్లగా ఉండాల్సింది నల్లగానే ఉండాలి

నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

పిడి మొదట్లో ఉండే పట్టీ ఫుచి, చివరి టోపీ కషిరా, తాడు కింద రెండు వైపులా తొంగిచూసే బొమ్మలు మెనుకి. ఇవి, కొజుక, కోగై చాలాసార్లు షకుడోతో చేస్తారు. షకుడో అంటే రాగిలో సుమారు 3 నుంచి 5 శాతం బంగారం కలిపిన లోహం. పోతపోసినప్పుడు మామూలు రాగిలాగే ఉంటుంది. కంసాలి దాన్ని చెక్కి, శుభ్రం చేసి, తురిమిన తెల్లముల్లంగి గుజ్జులో ముంచి, రొకుషో అనే రాగి లవణాల ద్రావణంలో ఉడికిస్తాడు. అప్పుడు ఆ నీలి నలుపు వస్తుంది, కాకి రెక్క లోపలి రంగులాంటిది. ఆ పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి మెరుగు ద్రవం ఏది తగిలినా క్షణాల్లో కరిగి కింద రాగి బయటపడుతుంది. వెండి కలిసిన షిబుయిచిది బూడిద రంగు. ఆ పేరుకు అర్థం ‘నాలుగో వంతు’. దాని సంగతీ అంతే.

కాబట్టి చేతికి నూలు గ్లవ్స్ వేసుకుని, నీళ్లరంగుల చిత్రకారులు వాడే మెత్తటి కుంచెతో దుమ్ము తీయండి. సందుల్లో గట్టిపడిన జిడ్డు ఉంటే ఆల్కహాల్‌లో ముంచిన పళ్లపుల్ల మొనతో, భూతద్దం కింద, కొంచెం కొంచెం తీయండి. బంగారు పూత ఉన్న చోట రుద్దొద్దు, తాకించి ఎత్తేయండి. రాగి మీద పచ్చటి పొడి మచ్చ ఉంటే నూనె చుక్క వేసి ఒక రోజు నానబెట్టి పళ్లపుల్లతో తోయండి.

నేపథ్యంలో చేపగుడ్లలాంటి బుడిపెలు వరసలుగా ఉంటే దాన్ని నానకొ అంటారు. చివర గిన్నెలా తొలిచిన ఉక్కు ములుకుతో ఒక్కొక్క బుడిపెనూ విడిగా కొట్టినది అది. భూతద్దంలో మంచి నానకొ వరస తప్పకుండా, బుడిపెలన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. మూసలో పోసిన నకలులో బుడిపెలు కరిగిన కొవ్వొత్తిలా మొద్దుగా ఉంటాయి, మధ్యమధ్య గాలిబుడగల గుంతలు కనిపిస్తాయి, లోపలి వైపు అతుకు గీత ఉంటుంది.

ఎవరి పనో పేరు పెట్టడానికి తొందరపడొద్దు. కత్తి అలంకారాల్లో గోతో వంశం పెద్దది. దాని మూలపురుషుడు గోతో యూజో (1440–1512). ఆ వంశం వాళ్లు తరతరాలుగా షోగన్లకు, అంటే జపాన్ సైనిక పాలకులకు పని చేశారు. కొజుక, కోగై, మెనుకి మూడూ ఒకే విషయంతో జతగా చేయడం వాళ్ల ప్రత్యేకత. యొకొయ సోమిన్ (1670–1733) కుంచె గీతలా వెడల్పు మారే చెక్కుడుతో వేరే దారి తీశాడు. 1876లో బహిరంగంగా కత్తి పెట్టుకోవడం నిషేధించాక చాలామంది కంసాలులు కూజాలు, పెట్టెలు చేసి బతికారు. కానొ నత్సువొ (1828–1898) లాంటి వాడు మెయిజీ చక్రవర్తి కాలపు నాణేల నమూనాలు కూడా చేశాడు. ఈ పేర్లన్నిటికీ నకిలీ సంతకాలున్నాయి. కొజుకలో దూర్చిన చిన్న చాకు మీది పెద్ద కమ్మరుల పేర్లయితే దాదాపు అలంకారానికే, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

త్సుబ ఇనుముది అయితే దాని నలుపు నున్నటి పాత తుప్పు. దాన్ని కాపాడుతూ పైన రేగిన ఎర్ర తుప్పును మాత్రమే తీయాలి. జపాన్‌లో దుప్పికొమ్ము మొన వాడతారు. మన దేశంలో దుప్పికొమ్ము దగ్గర పెట్టుకుంటే వన్యప్రాణి చట్టంతో చిక్కు. పశువుల ఎముక ముక్కను మొన చెక్కి వాడండి, వెదురు మొన కూడా పనికొస్తుంది. చాలా కొద్దిగా నూనె పెట్టి రెండు రోజులు ఉంచి, ఎముకతో ఎర్ర మచ్చ మీదే రుద్ది, నూలు గుడ్డతో తుడవాలి. ఒక మచ్చకు వారాలు పట్టవచ్చు. వైరు బ్రష్, తుప్పు కరిగించే ఆసిడ్ ఒక్కసారి తగిలితే బూడిదరంగు ఇనుము బయటపడుతుంది, దాన్ని మళ్లీ నల్లగా చేయడం మన చేతిలో లేదు. మధ్య రంధ్రం అంచుల్లో రాగి ముక్కలు దిగ్గొట్టి ఉంటే అవి వేరే కత్తికి సరిపెట్టినప్పటి గుర్తులు. ఊడినట్టున్నా తీసేయకండి.

కొషిరాయె ఈ అలుగు కోసమే చేసిందా, తర్వాత కలిపిందా తెలుసుకోవడానికి ఇవి చూడండి. మేకు రంధ్రం పిడిలోనూ నాకగోలోనూ సూటిగా కలుస్తుందా? హబాకి ఒర నోటిని నిండుగా నింపుతుందా? సెప్పలు రెండు కాకుండా మూడు నాలుగు ఉన్నాయా? తర్వాత కలిపినదైనా తప్పేమీ కాదు, సమురాయ్‌లు కూడా మార్చుకునేవాళ్లు. కానీ ధర చెల్లించేటప్పుడు తెలిసి ఉండాలి.

పిడి, ఒర

పిడి మీది పట్టుతాడును విప్పొద్దు, తడపొద్దు. కింద మడతల్లో చిన్న కాగితపు త్రికోణాలు ఉంటాయి. తాడు తడిస్తే అవి మెత్తబడి అల్లిక సడలుతుంది. తెల్లటి గరుకు తోలు టేకు చేప (రే చేప) చర్మం, దాని సందుల్లో దుమ్మును పొడి కుంచెతో తీయాలి.

ఒర హోనొకి అనే మెత్తటి చెక్క, రెండు సగాలుగా తొలిచి అన్నం జిగురుతో అతికించి, పైన ఉరుషి చెట్టు పాలతో పూతలు వేసినది. అన్నం జిగురు ఎందుకంటే అవసరమైతే తెరిచి లోపల శుభ్రం చేయవచ్చు. కాబట్టి అతుకు విడిస్తే ఫెవిక్విక్ లాంటిది పెట్టకండి. పెడితే తర్వాత వచ్చే పనివాడు కోయాల్సి వస్తుంది. ఎండ ఉరుషికి శత్రువు; కిటికీ పక్కన ప్రదర్శనకు పెట్టిన ఒర ఒక వైపు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫర్నిచర్ పాలిష్ వద్దు. పొడి మెత్తటి గుడ్డ చాలు.

దసరాకు ఆయుధపూజలో పెట్టే ఇళ్లకు ఒక మాట. గంధం, పసుపు, కుంకుమ, నిమ్మకాయ అలుగుకూ లోహపు భాగాలకూ తగలకూడదు. తడి గంధం ఒక్క రాత్రి ఉంటే ఉక్కు మీద మచ్చ పడుతుంది. కత్తిని ఒరలోనే ఉంచి, పట్టుబట్ట కప్పి, బొట్టు ఆ బట్టకు పెట్టండి.

మళ్లీ బిగించడం

విప్పిన వరస తిరగేయండి: హబాకి, సెప్ప, త్సుబ, సెప్ప, పిడి. త్సుబ ముందు ముఖం, అంటే పని ఎక్కువున్న వైపు, పిడివైపు ఉంటుంది. నడుముకు పెట్టుకున్నప్పుడు ఎదుటివాళ్లకు కనబడేది అదే. అలుగు నిటారుగా పట్టి, పిడి అడుగున అరచేత్తో రెండుసార్లు తట్టి, రంధ్రాలు కలిశాక మెకుగిని లావు వైపు బయట ఉండేలా వేలితో దూర్చి చిన్నగా తట్టండి. ఊపినప్పుడు గలగల రాకూడదు. వస్తే సెప్ప తారుమారైంది, లేదా ఒకటి తక్కువైంది. కాగితం, టేపు కుక్కకండి. మేకు పాడైతే బాగా ఎండిన ముదురు వెదురుతోనే చెక్కుకోవాలి. ఇనుప మేకు వేస్తే నాకగో రంధ్రం అరిగిపోతుంది. అన్నం తినే పుల్ల (చాప్‌స్టిక్) మెత్తటిది, విరుగుతుంది.

పదును పైకి ఉంచి, వీపును ఒర నోటి అడుగున ఆనించి, మొనను లోపలికి జార్చండి. చివరి రెండు సెంటీమీటర్లు హబాకి బిగుసుకునే దగ్గర మెల్లగా నెట్టాలి. ఆ తర్వాతే కొజుక, కోగై.

కాగితాలు

జపాన్‌లో ప్రతి కత్తికీ ప్రిఫెక్చర్ విద్యామండలి ఇచ్చిన నమోదు పత్రం ఉండాలి, దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ అనుమతి కావాలి. 1948లో ఏర్పడిన నిహోన్ బిజుత్సు తోకెన్ హొజోన్ క్యోకై అలుగులకూ అలంకారాలకూ విడివిడిగా పరీక్షించి పత్రాలిస్తుంది. హొజోన్, తొకుబెత్సు హొజోన్, ఆపైన జూయో అనేవి ఆ మెట్లు. పత్రం మీది కొలతలు మీరు రాసుకున్న కొలతలతో సరిపోవాలి. మన దేశంలో కత్తులు 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. 9 అంగుళాలు దాటిన అలుగుకు నిబంధనలుంటాయి, దిగుమతికి అనుమతి వేరు. డబ్బు కట్టకముందే మీ ప్రాంతపు పోలీసు లైసెన్సింగ్ అధికారిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. అలంకారంలో ఏనుగుదంతం ఉంటే ఏ దేశంలోనైనా సరిహద్దు దగ్గర ఆపేయవచ్చు.

దాచడం

ఎక్కువకాలం దాచాలంటే అలుగుకు షిరసాయ, అంటే పూత లేని హోనొకి ఒర మంచిది. కొషిరాయెలో అలుగు స్థానంలో అదే ఆకారపు చెక్క అలుగు (త్సునగి) పెట్టి విడిగా ఉంచుతారు. షిరసాయ ఆ అలుగు కొలతకే చేయాలి, వేరే కత్తిది సరిపోదు.

కత్తి అడ్డంగా ఉండాలి, పదును పైకి. నిలబెడితే నూనె మొన దగ్గరికి దిగి మొదలు పొడిబారుతుంది. గాలి తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. చిన్న డిజిటల్ తేమమీటరు పెట్టెలో పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో తేమ చాలా పెరుగుతుంది, గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. అక్కడ మూత బిగిసే పెట్టె, అందులో సిలికాజెల్ తప్పనిసరి. అయితే సిలికాజెల్ మరీ ఎక్కువైతే తేమ 40 కిందికి పడి ఒర అతుకు విడుస్తుంది. తోలు సంచి, వార్తాపత్రిక, నాఫ్తలీన్ ఉండలు వద్దు. పట్టు లేదా నూలు సంచి చాలు.

కొత్తగా సాన పెట్టించిన అలుగును మొదటి ఆరు నెలలు నెలకోసారి తీసి చూసి నూనె మార్చండి. పాత సానదైతే తీరప్రాంతంలో రెండు మూడు నెలలకోసారి, హైదరాబాద్ లాంటి చోట నాలుగు నుంచి ఆరు నెలలకోసారి. తీసిన ప్రతిసారీ తేదీ, తేమ, కనబడిన కొత్త మచ్చ ఏదైనా ఉంటే హబాకి నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో, ఏ వైపున ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసి, ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాతి సారి అదే మచ్చ పెద్దదైతే ఒర లోపల తడి ఉందన్నమాట. అప్పుడు అలుగును మళ్లీ ఆ ఒరలో పెట్టకుండా శుభ్రమైన పట్టుబట్టలో చుట్టి ఉంచి, ఒరను తెరిపించండి.